ఫీజు ఒకటే, సంచులు రెండు

నడవడానికి డబ్బులు కట్టిన మనిషిని మా ఇంటి చరిత్రలో నేనే మొదటిదాన్ని. అదీ రోజూ నడిచే రోడ్డు మీద. పంజాగుట్ట వెనక బస్తీలో నా గది. అమీర్‌పేటలో నేను వండే ఆడపిల్లల హాస్టలు. మెట్రో ఇంకా మొదలుకాకముందే లేచి, ఆ స్తంభాల కింద నుంచి నడిచిపోయి పొయ్యి ముట్టిస్తాను. ఇన్నేళ్లలో ఆ రోడ్డు నన్ను ఒక్క రూపాయి అడగలేదు. అడిగింది మా హాస్టలు మేడం.

మేడం ఉండేది శ్రీనగర్ కాలనీలో. పుట్టింది కోస్తా వైపు. మనిషి చెడ్డది కాదు. జీతం ఆపదు, జ్వరమొస్తే రావద్దంటుంది, పండక్కి చీర పెడుతుంది. అందుకే నాకు ఇంకా ఒళ్లు మంట. చెడ్డదైతే ఒక తిట్టు తిట్టుకుని నా పని నేను చేసుకునేదాన్ని. కాలనీలో పొద్దున్నే నడిచే ఆడవాళ్లను పోగేసి ఆమె ఒక గుంపు కట్టింది. ఆ గుంపు ఆడవాళ్ల పరుగు పెట్టాలనుకుంది. పరుగంటే ఒకరు గెలిచి మిగతావాళ్లు ఓడేది కాదట. ఉరికినా సరే, నడిచినా సరే, ఐదు కిలోమీటర్లు పూర్తి చేస్తే అందరి మెడలోనూ పతకం వేస్తారట. అందరికీ వేసేదాన్ని పతకం అని ఎందుకంటారో నాకైతే తెలియదు.

ఆ ముచ్చట్ల కోసం ఒక సాయంత్రం మా హాస్టలు భోజనాల గదిలోనే కూర్చున్నారు. మేడం, ఆమె భర్త, అమీర్‌పేటలో చీరల దుకాణం నడిపే సేటు, ఇంకా కాలనీ ఆడవాళ్లు కొందరు. నేను పకోడీలు వేస్తూ, చాయ్ పోస్తూ అంతా విన్నాను. చాటుగా ఏం వినలేదు. వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపే లేదు.

మేడం భర్త లెక్కల మనిషి. ఆయన మొదలుపెట్టాడు.

"టీషర్టు, మెడల్, టిఫిను, నీళ్లు, అంబులెన్సు, మైకు. అన్నీ ఇస్తే ఫీజు తొమ్మిది వందలు పెట్టాలి. తప్పదు."

"తొమ్మిది వందలా!" అంది ఒకావిడ. "ఆ డబ్బుకి ఏసీలో కూర్చుని బఫే తినొచ్చండీ. చెమటలు కక్కుకోవడం దేనికి?"

"పోనీ మెడల్ తీసేద్దాం."

"మెడల్ లేకపోతే ఫొటోలో ఏం పట్టుకుంటారండీ?"

"అయితే టీషర్టు తీసేద్దాం."

"టీషర్టు లేకపోతే మనం వెళ్లినట్టు నలుగురికీ ఎలా తెలుస్తుంది?"

"నీళ్లు తగ్గిద్దామా? సగం మంది సీసా ఇంటి నుంచే తెచ్చుకుంటారు కదా."

ఉరికే మనిషికి నీళ్లు తగ్గిద్దామంటారు కానీ మెడలో వేసే రేకుబిళ్లను తగ్గించరు. ఫీజు పెంచితే ఎవరూ రారు, తగ్గిస్తే ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఈ రెంటి మధ్యా పకోడీలు రెండు పళ్లేలు అయిపోయాయి.

అప్పుడు సేటు నోరు విప్పాడు. "మేడం, సంచి సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి. టీషర్టు తీసెయ్యుండ్రి. గుడ్డ సంచిల పసుపు, కుంకుమ, డజన్ గాజులు, జాకెట్ ముక్క, అన్నీ నేనే పెడ్త. సంచి మీద మా దుకాణం పేరు. మీకు ఖర్చు లేదు. ఫీజు నాలుగొందలు పెట్టుండ్రి, మస్తుగొస్తరు."

మేడం ముఖం వెలిగింది. "ఎంత బాగుందండీ! ఆడవాళ్లని పిలిచి ఉత్త చేతులతో పంపకుండా వాయనం ఇచ్చినట్టు ఉంటుంది."

నేను మరో వాయి పట్టుకొచ్చేసరికి వాళ్లు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి మేడం భర్త, అదే మా సారు, మాట మార్చి, పకోడీ కరకరలాడుతోందమ్మా అన్నాడు. ఎందుకు మార్చాడో అప్పుడు నాకు తట్టలేదు.

నేనే అడిగాను. "మేడం, నాసొంటోళ్లు సుత రావచ్చునా?"

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది కానీ మంచిగానే చెప్పింది. "ఎందుకు రాకూడదమ్మా? నాలుగు వందలు కట్టినవాళ్లంతా అక్కడ ఒకటే. పెద్దా చిన్నా ఏమీ లేదు. నీ దగ్గర ఫీజేంటిలే, ఊరికే వచ్చెయ్."

"ఊరికే వద్దు మేడం. కట్టే వస్త."

కట్టినవాళ్లంతా ఒకటే అన్న మాట నాకు పట్టుకుంది. అలాంటి చోటు నేను ఇంతవరకూ చూడలేదు. గుళ్లో కూడా టికెట్టు కొన్నవాడికి దేవుడు దగ్గర, ఉత్తవాడికి దూరం. ఆస్పత్రిలో చెప్పనే అక్కర్లేదు. ఫీజంతా ఒకటి, ఇచ్చేదంతా ఒకటి అంటే అదేదో ఒకసారి పోయి చూడాలనిపించింది. జీతంలో పట్టుకొమ్మనలేదు. నాలుగు నోట్లు తీసి మేడం చేతిలోనే పెట్టాను. ఆమె తీసుకుంది కూడా.

మా ఆడపడుచు నా పక్క గదిలోనే ఉంటుంది. దాని మొగుడు బతికే ఉన్నాడు, పొద్దుగూకితే తాగి పడుకుని ఉంటాడు. విషయం దాని చెవిన పడింది.

"వదినా, ముండమోసినదానివి, గుడ్డలెగ్గట్టి రోడ్డు మీద ఉరుకుతవా? మా అన్న ఉంటే కాళ్లిరగ్గొడ్తుండె."

"మీ అన్న ఉంటే నేను పరాయిండ్ల గిన్నెలు పట్టుకుంటనా? పో, పోయి నీ మొగున్ని లేపు."

మా ఆయన ఆటో నడిపేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. పదో రోజున ఇదే ఆడపడుచు, ఇంకా మా వాళ్లూ కలిసి నాకు మోచేతుల దాకా గాజులు తొడిగారు. నుదుటి నిండా కుంకుమ పులిమారు, తల నిండా పూలు పెట్టారు. పెళ్లినాడు కూడా అన్ని పెట్టలేదు. పెట్టింది తీసెయ్యడానికే. రాయి పెట్టి ఒక్కొక్క గాజూ పగలగొట్టారు, తడిగుడ్డతో నుదురు తుడిచారు. చేతి మీద చర్మం చీరితే ఎవరో పసుపు అద్దారు. ఆ పొద్దు వాళ్ల చేతుల వాసన, పసుపూ చెమటా కలిసిన ఆ వాసన, ఇప్పటికీ తలుచుకుంటే నాకు వాంతికొస్తుంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్న నల్గొండ పిల్ల ఇక్కడ కలం ఆపి నా చేయి చూస్తోంది. చూసింది చాలు, రాయవే.

ఈ నల్గొండ పిల్లే ఆ పరుగులో నా జోడీ. మా హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది. నేను ఫుట్‌పాత్ మీద కాన్వాసు బూట్లు కొనుక్కుంటే దారం కట్టడం నేర్పింది అదే.

ఆదివారం తెల్లవారకముందే కాలనీ గ్రౌండుకు వెళ్లాం. మైకులో ఒకడు అరుస్తున్నాడు, చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆడవాళ్లందరూ గుండె మీద పిన్నీసులతో నంబరు కాగితం గుచ్చుకున్నారు. ఇంకా ఉరకనే లేదు, అప్పుడే ఫొటోలు. ఒకావిడ సెంటు కొట్టుకునొచ్చింది, పక్కన నిలబడితే తుమ్ములు. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపి కొంగు నడుముకు చుట్టాను. ఎవరో వెనక నుంచి, "పనావిడలు కూడా వచ్చారేంటి?" అంది. నల్గొండ పిల్ల వెనక్కి తిరిగి, "ఫీజు కట్టినోళ్లొచ్చిన్రు మేడం," అంది.

పంజాగుట్ట దాకా బాగానే ఉంది. అక్కడ నీళ్ల బల్ల పెట్టారు. తాగేది గుక్కెడు, పారేసేది గ్లాసు. నీళ్లు ముఖాన చల్లుకుని ఆ కాగితం గ్లాసులు రోడ్డు మీద విసిరి, వాటి మీద నుంచే ఉరికారు. అరటిపండు సగం కొరికి తొక్కతో సహా పడేశారు. రోడ్డు ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఇప్పుడే ఊడ్చిన గద తల్లీ!" అని నన్ను చూసింది. "అక్కా, నువ్వు సుత గీళ్లల్ల కలిసినవా?"

"పైసలు కట్టిన."

"ఉరుకుతందుకు పైసలా? నాకిస్తే నిన్ను చీపురు పట్టుకుని తరుముతుంటి గద!"

నవ్వొచ్చింది, కానీ సిగ్గు కూడా వేసింది. నా గ్లాసు నేనే తీసుకెళ్లి ఆమె బండిలో వేశాను.

అక్కడి నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు ఖాళీ. చెప్పొద్దూ, ఆ కాస్త దూరం బాగుంది. చేతిలో కూరగాయల సంచి లేకుండా, పాల ప్యాకెట్లు లేకుండా ఆ దారిన నేను వెళ్లడం అదే మొదలు. కొంచెం ఉరికాను కూడా. చూసేవాళ్లు చూశారు. మెట్రో స్టేషను కింద వెనక్కి తిరిగాం. రొప్పుతూ, తిట్టుకుంటూ, మొత్తానికి గ్రౌండుకు చేరాం. ఒకావిడ నా మెడలో పతకం వేసింది. తేలిగ్గా ఉంది, పౌడరు డబ్బా మూతలాగా. పక్కన ఒకామె దాన్ని పళ్లతో కొరుకుతూ ఫొటో దిగుతోంది. అది ఎంతమంది చేతులు మారిందో!

పతకం తర్వాత సంచి, సంచి తర్వాత టిఫిను. అదీ వరస. సంచుల బల్ల దగ్గర సేటు దుకాణంలో చీరలు చూపించే అమ్మాయిని కూర్చోబెట్టారు. మా నంబరు కాగితం మూల చింపుకుని సంచి ఇస్తోంది. ఆమె వెనక రెండు కుప్పలున్నాయి. ఎర్ర రిబ్బను కట్టిన సంచులు పెద్ద కుప్ప. నీలం రిబ్బనువి చిన్న కుప్ప.

చీరల దుకాణాల్లో అది ఒక పద్ధతి. మెట్లెక్కి వచ్చే ఆడదాన్ని నోరు తెరవకముందే చూసేస్తారు. నుదురు, మెడ, చేతులు. చూసి, ఏ అర లాగాలో అనుకుంటారు. ముదురు రంగు పట్టు తియ్యాలా, లేత రంగు నూలు తియ్యాలా అని. వాళ్లకు జీతం ఇచ్చేది ఆ చూపుకే. ఆ పిల్ల ఇక్కడా అదే చూపు పెట్టింది. నల్గొండ పిల్లను చూసి ఎర్రది ఇచ్చింది. నన్ను చూసి వెనక్కి తిరిగి నీలంది తీసింది.

ఏం తేడానో అని అక్కడే విప్పాను. అగరొత్తుల కట్ట, బిస్కెట్ ప్యాకెట్టు, మోకాళ్ల నొప్పులకు రాసుకునే మందు. నల్గొండ పిల్ల తన సంచి విప్పింది. గాజులు, పసుపు, కుంకుమ, జాకెట్ ముక్క.

అప్పుడు అర్థమైంది, ఆ సాయంత్రం గొంతులు ఎందుకు తగ్గాయో. మొగుడు పోయినవాళ్లు వస్తే ఏం చెయ్యాలి అని మాట్లాడుకున్నారన్నమాట. మాట్లాడుకుని, మంచి మనసుతో ఆలోచించి, అగరొత్తులు కొన్నారన్నమాట. థూ.

నేను బల్ల వైపు తిరిగేలోపే అక్కడ గోల మొదలైంది. నాకు కొంచెం వెనకగా ఉరికొచ్చిన ఒకావిడ, సన్నగా, పొట్టి జుట్టు, మంచి ఖరీదైన బూట్లు, నీలం సంచి చేత్తో ఎత్తి పట్టుకుని అరుస్తోంది. నీలం ఎవరికో, ఎందుకో అప్పటికే వరసలో ఎవరో ఆమె చెవిలో ఊదారు.

"ఏవండీ! ఇటు రండి! మీరు బతికే ఉన్నారని వీళ్లకి చెప్పండి!"

గ్రౌండు అంచున నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆయన పరుగున వచ్చాడు. "ఏమైందే?"

"ఏమైందా? మిమ్మల్ని చంపేశారు!"

దుకాణం పిల్ల బిక్కచచ్చిపోయింది. "మేడం, బొట్టు లేదు గద. మెడల తాళి సుత లేదు. నాకెట్ల తెలుస్తది?"

"ఐదు కిలోమీటర్లు పరిగెత్తితే బొట్టు ఉంటుందా? చెమటకి జారిపోయింది! తాళి ఎగిరెగిరి పళ్లకి కొట్టుకుంటుందని బీరువాలో పెట్టి వచ్చాను!"

చూస్తే ఆ వరసలో ఎవరి నుదుటా ఏమీ లేదు. అందరివీ కడిగేసిన ముఖాలే. స్టిక్కరు బొట్లు తువ్వాళ్లకు అంటుకుపోయి ఉన్నాయి. పొద్దున్నే ఆడవాళ్లను ఉరికించి, చెమట పట్టించి, ఆ తర్వాత నుదురు చూసి సంచి ఇమ్మన్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్లు కూర్చుని పకోడీలు తింటూ వేసిన లెక్క ఇది! ఒక క్రిస్టియన్ టీచరమ్మ చేతిలో కూడా నీలం సంచే ఉంది. ఆమె బిస్కెట్ ప్యాకెట్టు చించుకుని తింటూ, "మా ఆయన సంగతి పొద్దున్నించి నేనూ చూడలేదు, ఏమో మరి!" అంది. నలుగురు పకపకా నవ్వారు.

మేడం పరిగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, అపచారం! ఏమనుకోకండి, చిన్నపిల్ల, తెలియక ఇచ్చింది." ఎర్ర సంచిలోంచి కుంకుమ పొట్లం చించి, ఆ పొట్టి జుట్టావిడ నుదుట తనే బొట్టు పెట్టింది. ఒకటికి రెండు ఎర్ర సంచులు చేతికిచ్చింది. ఆవిడ శాంతించింది. ఆయన ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ బతికినందుకు కాబోలు. ఆ నీలం సంచి మాత్రం పాముపిల్లను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని బల్ల కింద పడేశారు.

నేనంతా చూస్తూ నిలబడ్డాను. ఆ సంచి ఆవిడ చేతికి పోవడం అపచారం. నా చేతికి రావడం ఎవరికీ ఏమీ కాదు. అట్లాంటిదే నా చేతిలోనూ వేలాడుతోంది, ఒక్క కన్ను కూడా ఇటు తిరగలేదు.

వెళ్లి బల్ల మీద పెట్టాను.

"మేడం, నాకు గిది వద్దు. గా ఎర్రదే ఇయ్యుండ్రి."

మేడం చుట్టూ చూసి నా దగ్గరికి వంగింది. "ఏంటమ్మా నువ్వు కూడా? అందులో గాజులూ అవీ ఉన్నాయి. చూస్తే నీ మనసు కష్టపడుతుందనే కదా వేరేగా చేయించాం."

"కష్టపడ్తదని మీకెవ్వలు చెప్పిన్రు? నన్నడిగిన్రా?"

"అడిగితే ఇంకా బాధ కదమ్మా."

"గందుకని పదిమందిల చేతిల పెడ్తరా? ఫీజు తీస్కునేనాడు నా నొసలు చూసి తీస్కున్నరా మేడం? గామెయి నాలుగొందలే, నాయి నాలుగొందలే. కట్టినోళ్లంత ఒకటే అని మీ నోటితోనే అన్నరు."

సారు మధ్యలోకి వచ్చాడు. ఆయనకు అంతా లెక్కే. "చూడమ్మా, రెండు సంచుల ఖరీదూ దాదాపు ఒకటే. నిజానికి నీదే కాస్త ఎక్కువ పడింది. మందు ఉంది కదా."

"అయితే మార్చుకోరి సార్. ఎక్కువ పడ్డది మీకే మిగుల్తది."

వరసలో వెనకున్నవాళ్లు విసుక్కున్నారు. "పొద్దుగాల్నే గీ లొల్లేంది?" అని ఒకరు. "పాపం, పెద్దామెకు చెప్పి పంపించండి," అని ఒకరు. "కుంకుమ ఆవిడకెందుకంట?" అని ఇంకొకరు, నాకు వినబడేటట్టే. నాకు గాజుల మీద ఆశ లేదు. తొడుక్కుంటానని కాదు, పెట్టుకుంటానని కాదు. ఇంటికి తీసుకుపోయి మూల పడేస్తానేమో. పడేసేది నేను కావాలి. నా బదులు ఇంకెవరో ముందే తీసిపెట్టడం ఒకసారి అయింది, చాలు.

"ఆంటీ, నాది తీస్కో," అంది నల్గొండ పిల్ల.

"నీది నాకెందుకే? నాది నాకు కావాలె."

"పోనీ సంచి డబ్బులు వెనక్కిచ్చేస్తాం," అని సారు జేబులో చెయ్యి పెట్టాడు. "ఇక్కడితో వదిలెయ్యమ్మా."

"పైసలొద్దు. సంచి."

మేడం ముఖం ఎర్రబడింది. "ఎర్రవి అయిపోయాయమ్మా! చూడు, ఉన్నాయా?"

నిజమే, అయిపోయాయి. ఎందుకయిపోవు? ఒక్కొక్కతె చంకలో రెండేసి కనబడుతున్నాయి. అత్తగారికి ఒకటి, అక్కకు ఒకటి అని దుకాణం పిల్లను బతిమాలి పట్టుకుపోయారు. కారున్నవాళ్లే ఎక్కువ తీసుకున్నారు, మోసే పని లేదు కదా. వాళ్లనెవరూ అడగలేదు.

భయం లేదా అంటే ఉంది. ఎదురుగా ఉన్నది నాకు కూడు పెట్టే మనిషి. "రేపు హాస్టల్లో మాట్లాడుకుందాం," అని ఆమె పళ్ల సందుల్లోంచి అంది కూడా. పని పోలేదు లెండి. తెల్లారేసరికి హాస్టలు మొత్తానికి వండిపెట్టే మనిషి అమీర్‌పేటలో సులువుగా దొరకదు. కానీ ఆ నిమిషంలో అది నాకు తెలియదు. తెలియకుండానే బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"నేను జరుగ. ఎనకోళ్లకు ఇయ్యాలంటే నాకిచ్చి ఇయ్యుండ్రి."

చివరికి మేడం బల్ల కిందికి వంగి, తన కోసం దాచుకున్న ఎర్ర సంచి తీసింది. ఇచ్చేటప్పుడు నా వైపు చూడలేదు. నేను చెయ్యి చాపాను. సంచి ఇద్దరి చేతుల్లో ఉండగానే సేటు ఎక్కడి నుంచి వచ్చాడో, ఫోను ఎత్తి ముందు నిలబడ్డాడు.

"మేడం, గట్లనే పట్టుకోరి! అమ్మా, జర నవ్వు. జర మేడం దిక్కు చూడు. మస్తుంటది, పేద మహిళకు పసుపు కుంకుమ అని పెడ్తం!"

మేడం, నమ్మండి, నవ్వు ముఖం పెట్టేసింది! ఇంతసేపు పళ్లు కొరికిన మనిషి ఫోను చూడగానే తల పక్కకు వంచి, మెడ సర్దుకుని నవ్వింది. సంచి ఒక్క గుంజు గుంజాను.

"సేటూ, గిది దానం గాదు. నా పైసలు పెట్టి కొనుక్కున్న. ఫొటో తీసెయ్."

"ఏమైతదమ్మా, ఒక్క ఫొటోకి?"

"అన్నా, తీసెయ్యి," అని నల్గొండ పిల్ల ఆయన ముందుకు పోయి నిలబడింది. "నేను చూస్తుంటే తీసెయ్యి. ఫోన్ల చెత్తబుట్టల పడ్తది గద, అండ్లకెల్లి సుత తీసెయ్యి." ఆయన గొణుక్కుంటూ తీసేశాడు. "ఏడి లొల్లి మనిషిని పట్టుకొచ్చిన్రు మేడం," అన్నాడు.

పక్కకు వచ్చి సంచి విప్పాను. గాజులు చిన్నపిల్లల చేతికి కూడా పట్టవు. జాకెట్ ముక్క దోమతెరలాగా ఉంది, అవతలివాళ్ల ముఖం కనబడుతోంది. కుంకుమ వేలితో రుద్దితే ఇటుక పొడిలా గరగరలాడింది. దీనికోసం ఇంత గొడవ. దీనికోసం అత్తగార్లకు, అక్కలకు అని రెండేసి మూడేసి. ఈ సరుకు చూపించి టీషర్టు తీసేశారు. సేటుకు ఎంత మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి. రోత పుట్టింది. అయినా మూతి బిగించి కట్టి చంకలో పెట్టుకున్నాను.

"పోదాం పా ఆంటీ," అంది నల్గొండ పిల్ల. "ఇంగ ఈడ ఉండబుద్ధయితలేదు."

"టిఫిన్ తినకుంటనా? అది సుత ఫీజులదే."

పోయి టిఫిను వరసలో నిలబడ్డాను. నా ముందున్న ఇద్దరు ఆడవాళ్లు కొంచెం జరిగారు, మర్యాదకు కాదు, తగలకుండా. జరగనీ. ప్లేటులో ఉప్మా వేశారు. రవ్వ వేయించలేదు. ముద్దలు కట్టింది, మధ్యలో పచ్చి పిండి. నూనె ఒక పక్క, ఉల్లిగడ్డ ఒక పక్క. మా హాస్టల్లో ఇట్లాంటిది పెడితే పిల్లలు ప్లేటు నా మీద విసురుతారు. గ్రౌండులో కుర్చీలన్నీ ఫొటోలు చూసుకునేవాళ్లతో నిండిపోయాయి. మధ్యలో ఒకటి ఖాళీగా కనబడితే వెళ్లి కూర్చున్నాను. సంచి ఒళ్లో పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టాను.

ఉప్పు లేదు.

లేచి ప్లేటు పట్టుకుని మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లాను. వడ్డించేవాడు, "ఉప్పు ఈడ లేదమ్మా, లోపలుంది," అన్నాడు.

"తెప్పియ్యి. నేను నిలబడ్త."

తెప్పించాడు.